నాణేల ఫొటోలు రా ఫైలుగా తీయాలా, జేపెగ్‌గా తీయాలా? విశాఖ సేకర్తలు తరచుగా అడిగే ప్రశ్నలు

నాణెం అమ్మాలన్నా, తెలిసినవారి అభిప్రాయం అడగాలన్నా, దొంగతనం జరిగితే ఆనవాలు చూపాలన్నా ఇప్పుడు ఫొటోయే ఆధారం. విశాఖపట్నంలో నాణేలు సేకరించేవారు కెమెరా కొన్న కొద్దిరోజులకే అడిగే ప్రశ్నలను, ఫోనుతోనే నెట్టుకొచ్చేవారు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: వెండి, రాగి, పాత నాణేలకు రా ఫైలు తీయండి, వాడుకలో ఉన్న చిల్లర బిళ్లలకు జేపెగ్ చాలు, ఈ రెండింటికంటే ముందు దీపం సరిచేసుకోండి.

రా ఫైలుకు, జేపెగ్‌కు అసలు తేడా ఏమిటి?

కెమెరా సెన్సర్‌లోని ఒక్కో బిందువు ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల్లో ఏదో ఒకటే ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన అమరిక ఇది. నేటికీ చాలా కెమెరాలు దీన్నే వాడుతున్నాయి. ఆ బిందువులు ఎంత వెలుగు కొలిచాయో అంతవరకే రాసిపెట్టేది రా ఫైలు. రంగులు తేల్చే పని మీ కంప్యూటర్‌లో జరుగుతుంది. కానన్‌లో సీఆర్2, సీఆర్3 అనీ, నికాన్‌లో ఎన్ఈఎఫ్ అనీ, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ అనీ పేర్లు వేరైనా లోపలి సరుకు ఈ కొలతలే.

జేపెగ్‌లో ఆ పనంతా కెమెరాయే చేసేస్తుంది. రంగులు లెక్కకట్టి, తెలుపును తనకు తోచినట్టు నిర్ణయించి, సెన్సర్ వల్ల పుట్టే ఇసుకలాంటి మచ్చలను నునుపు చేసి, అంచులు పదునుపెట్టి, కంటికి పెద్దగా తెలియదనుకున్న సమాచారాన్ని పారేసి ఫైలును చిన్నది చేస్తుంది. 1992లో వెలువడిన ప్రమాణం ఇది. బొమ్మను ఎనిమిది బిందువుల వెడల్పు, ఎనిమిది బిందువుల ఎత్తు ఉన్న గడులుగా కోసి, ఒక్కో గడిని విడిగా కుదిస్తుంది. పారేసినది మళ్లీ రాదు.

మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. రా ఫైలు 12 బిట్లదైతే 4,096 మెట్లు, 14 బిట్లదైతే 16,384. ఈ అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రా మెట్లు వెలుగుతో సమానంగా పెరుగుతాయి, జేపెగ్ మెట్లు కంటిచూపుకు తగ్గట్టు సర్దినవి. అయినా ఫొటోను దిద్దడం మొదలుపెట్టగానే జేపెగ్‌లో మెట్లు చాలవని తెలిసిపోతుంది. నున్నగా ఉండాల్సిన వెండి మీద చారలు కనిపిస్తాయి.

పెళ్లి ఫొటోలే జేపెగ్‌లో బాగా వస్తున్నాయి. నాణేనికి ఇంత పట్టింపు ఎందుకు?

పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి చీర రంగు ఒక ఛాయ అటూ ఇటూ అయినా ఎవరూ తగవుకు రారు. నాణెం విలువ చాలాసార్లు ఆ ఛాయలోనే ఉంటుంది. రాగి నాణెం ఎర్రగా ఉందా, ఎరుపు గోధుమ కలిసి ఉందా, పూర్తిగా గోధుమ రంగుకు తిరిగిందా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

రెండో చిక్కు మెరుపు. వెండి నాణెం మీద పడిన దీపం వెలుగు చాలావరకు తిన్నగా లెన్స్‌లోకి దూకుతుంది, ఆ పక్కనే అక్షరాల లోతులు నల్లగా ఉంటాయి. కెమెరా తన అలవాటు ప్రకారం కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) పెంచి జేపెగ్ చేస్తే మెరిసే చోటు మొత్తం తెల్లటి మచ్చగా మిగులుతుంది. అక్కడ సన్నని గీత ఉందో లేదో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. రా ఫైలులో ఆ తెల్లదనం వెనక కొంత వివరం బతికే అవకాశం ఎక్కువ.

మూడోది సూక్ష్మ వివరం. 1911 నాటి అయిదో జార్జి రూపాయి తీసుకోండి. రాజు వేసుకున్న అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ రేగింది, 1912లో ఆ బొమ్మను మార్చారు. సేకర్తలు దాన్ని ‘పంది రూపాయి’ అంటారు. తేడా అంతా ఏనుగు తొండం, కాళ్ల దగ్గర ఉంటుంది. 1862 అని ముద్రించిన విక్టోరియా రూపాయిల్లో చుక్కలను బట్టి రకాలు తేలుతాయి. మచ్చలు నునుపు చేయడం కెమెరా పని కదా, అరిగిపోయిన చుక్కకూ మచ్చకూ దానికి తేడా తెలియదు.

అయితే ప్రతి నాణేనికీ రా తీయాలా?

అక్కర్లేదు. వాడుకలో ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్లలు సంవత్సరాలవారీగా జాబితా కట్టడానికైతే జేపెగ్ హాయి. రా ఫైళ్లు వందల్లో పోగుపడితే వాటిని తెరిచేవారే ఉండరు.

పది రూపాయల బిళ్లకు మాత్రం ఒకసారి రా తీసి చూడండి. చుట్టూ పసుపు వలయం, మధ్యలో తెల్లటి లోహం. వలయం రంగు కుదిరితే మధ్యభాగం నీలిగా, మధ్యభాగం కుదిరితే వలయం పాలిపోయి వస్తున్నాయంటే మీ గదిలో రెండు రకాల వెలుగు ఉందేమో చూసుకోవాలి. ఖర్చు లేని పరీక్ష ఇది.

రా తీస్తే వెలుగు సరిగ్గా లేకపోయినా తర్వాత దిద్దుకోవచ్చా?

ఎక్కువమంది మోసపోయేది ఈ నమ్మకంతోనే. బొమ్మ మొత్తం పసుపుగానో నీలంగానో ఉంటే రాలో దిద్దవచ్చు. ఒక పక్క కిటికీ వెలుగు, మరో పక్క ట్యూబులైటు పడితే నాణెం ఎడమ అర్ధం ఒక రంగు, కుడి అర్ధం మరో రంగు అవుతుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా విడదీయలేదు. బీచ్ రోడ్డు వైపు కిటికీలున్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. సముద్రం మీంచి వచ్చే వెలుగు మబ్బును బట్టి నిమిషానికో తీరు. తెర వేసి ఒకేరకం దీపాలు వాడండి, లేదా గదిలో దీపాలన్నీ ఆపి కిటికీ ఒక్కదాన్నే నమ్ముకోండి.

చవకరకం ఎల్ఈడీ బల్బులతో మరో తంటా. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అవి సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం 1/500 పెడితే ఒక ఫొటో వెలుగుగా, మరొకటి చీకటిగా, ఒక్కోసారి అడ్డచారలతో వస్తుంది. 1/50 గానీ 1/25 గానీ పెట్టి, కెమెరాను స్టాండుకు బిగించి, రెండు సెకన్ల టైమరుతో తీయండి. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టవచ్చు. రంధ్రాన్ని మరీ చిన్నది చేస్తే వివరం పెరగకపోగా మెత్తబడుతుంది.

ఫ్యాను ఆపండి. మే నెలలో ఇది కష్టమైన సలహానే, కానీ బల్ల మీది స్టాండు ఫ్యాను గాలికి ఊగుతుంది. మద్దిలపాలెం వంటి చోట జాతీయ రహదారి పక్క ఇళ్లలోనైతే లారీలు తగ్గాక, రాత్రిపూట తీయడమే మేలు.

వెండి నాణెం అక్షరాలు కనిపిస్తే మెరుపు పోతోంది, మెరుపు వస్తే అక్షరాలు పోతున్నాయి. ఏం చేయాలి?

ఒక గాజు పలక కావాలి. నాణెం పైన, లెన్స్ కింద, గాజును 45 డిగ్రీల వాలులో నిలపండి. దీపం పక్కనుంచి గాజు మీద పడాలి, నాణెం మీద తిన్నగా పడకూడదు. గాజు ఆ వెలుగులో కొద్ది భాగాన్ని నిట్టనిలువుగా నాణెం మీదికి తిప్పుతుంది. తిరిగి పైకి లేచిన వెలుగు గాజులోంచి లెన్స్‌కు చేరుతుంది. దీపానికి ఎదురు వైపు నల్ల కాగితం పెట్టండి, లేకపోతే గోడ ప్రతిబింబం బొమ్మ మీద పొగలా పరుచుకుంటుంది. అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలకూ, రంగులు తిరిగిన వెండికీ ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

గాజు చాలా వెలుగును వృథాగా పోనిస్తుంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. వచ్చిన బొమ్మ కూడా మొదట చప్పగా, బూడిద రంగులో ఉంటుంది. ఆ చప్పదనంలోంచి కాంట్రాస్ట్ లాగాలంటే మెట్లు దండిగా ఉండాలి. రా ఫైలు నిజంగా తన ఖర్చుకు తగ్గ పని చేసేది ఈ పద్ధతిలోనే. జేపెగ్‌ను అంతగా లాగితే పాత తులం లెక్కకు సరిపోయే 11.66 గ్రాముల విక్టోరియా రూపాయి ప్లాస్టిక్ బిళ్లలా తయారవుతుంది.

రాలో తీస్తున్నా కెమెరా తెర మీద మెరుపు ఎగిరిపోయినట్టు చూపిస్తోంది. నమ్మాలా?

సగమే నమ్మండి. రా తీస్తున్నా కెమెరా తన తెర మీద చూపేది లోపల తయారుచేసుకున్న జేపెగ్ నమూనానే. ఎడమన చీకటి బిందువులు, కుడిన వెలుగు బిందువులు ఎన్నెన్ని ఉన్నాయో చూపే పటం, హిస్టోగ్రామ్ కూడా దానిదే. పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌కు మార్చి, కాంట్రాస్ట్ తగ్గిస్తే తెర చెప్పేది రా ఫైలుకు కాస్త దగ్గరవుతుంది. హిస్టోగ్రామ్ కుడి గోడను తాకకుండా దానికి దగ్గరగా ఉండేలా వెలుగు పెట్టుకోండి. మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ ఉంటే అదే చూడండి. పసుపు వెలుగు బల్బు కింద రాగి నాణెం తీస్తే మొత్తం వెలుగు బాగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఒక్కటే గోడకు కొట్టుకుని ఉంటుంది.

ముదురు రంగు నాణేలకు దీనికి ఎదురు సమస్య. విశాఖ దగ్గరి తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలతోపాటు శాతవాహన నాణేలు కూడా దొరికాయి. ఆ కాలపు సీసపు నాణేలు బొగ్గుకు దగ్గరి రంగులో ఉంటాయి. అలాంటివాటిని చీకటిగా తీసి తర్వాత వెలిగిస్తే, రా అయినా సరే, నీడల్లో రంగురంగుల ఇసుక తేలుతుంది. తీసేటప్పుడే వెలుగు దండిగా ఇవ్వాలి.

రాగి రంగు సరిగ్గా రావాలంటే?

బజారులో దొరికే బూడిద రంగు కార్డును నాణెం ఉంచే చోటే పెట్టి, అదే వెలుగులో ఒక ఫొటో తీయండి. కంప్యూటర్‌లో తెలుపును సరిచేసే వైట్ బ్యాలెన్స్ పనిముట్టుతో ఆ కార్డు మీద నొక్కి, వచ్చిన విలువను ఆ పూట తీసిన అన్ని రా ఫైళ్లకూ అంటించండి. జేపెగ్ తీసేవారు ఇదే కార్డుతో తీయకముందే కెమెరాలో వైట్ బ్యాలెన్స్ నిలిపి ఉంచుకోవాలి. ఆటోలో వదిలేస్తే ఫ్రేము నిండా రాగి చూసిన కెమెరా, వెలుగే ఎర్రగా ఉందనుకుని దాన్ని చల్లబరుస్తుంది. బొమ్మ వైపు ఒక రంగు, బొరుసు వైపు మరో రంగు వస్తే చూసేవారు రెండు వేర్వేరు నాణేలనుకుంటారు.

విశాఖ ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లో భాగం. ఆ సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794, 1797లలో ఇంగ్లండులోని సోహో టంకశాలలో రాగి నాణేలు కొట్టించింది. ‘రూపాయికి 48’ అని వాటి మీద ఇంగ్లిషులో రాసి ఉంటుంది, సగం విలువవి ‘రూపాయికి 96’. మన ప్రాంతపు సేకర్తలకు వీటి మీద ప్రత్యేకమైన మమకారం. గోధుమ రంగుకు తిరిగిన వీటి ఒంటి మీద అక్కడక్కడ ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. ఆ రెండు రంగులూ ఒకే ఫొటోలో నిజంగా ఉన్నట్టే రావాలంటే కార్డు తప్ప మరో దారి లేదు.

ఫొటోకు ముందు చింతపండుతో తోమితే బాగా కనిపిస్తుంది కదా?

వద్దు. చింతపండు ఇత్తడి బిందెలకు. తోమిన నాణెం ఫొటోలో మెరుస్తుంది, సంతలో విలువ కోల్పోతుంది. ధూళి ఉంటే గాలి బుడ్డితో ఊదండి, అంచులు పట్టుకునే తిప్పండి.

ఎడిటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఎంతవరకు దిద్దవచ్చు?

డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం, రెండూ పనిమంతులే. లైట్‌రూమ్‌కు చందా కట్టాలి, నేర్చుకోవడం కాస్త సులువు. గింప్ నేరుగా రా తెరవదు. పై రెండింటిలో ఒకదాన్ని తోడు తెచ్చుకుంటుంది.

నేను పాటించే వరస ఇది: ముందు వైట్ బ్యాలెన్స్, తర్వాత ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుగు), ఆ తర్వాత మెరుపులు కొంచెం తగ్గించడం, నీడలు అవసరమైతేనే ఎత్తడం, చివర కత్తిరింపు. ఫైలును చిన్నది చేశాకే పదునుపెట్టాలి. క్లారిటీ అనే మీటను పది దాటనివ్వకపోతే మంచిది. అది అరిగిన నాణేన్ని అరగనట్టు, సన్నటి గీతను గాయంలా చూపుతుంది. రంగుల గాఢత మార్చే సాచురేషన్ జోలికి వెళ్లనే వద్దు.

హద్దు గురించి నా లెక్క ఒక్కటే: నాణేన్ని చేతిలో పట్టుకుని తెర పక్కన పెట్టినప్పుడు రెండూ ఒకేలా కనిపించాలి. వెనక గుడ్డ రంగు మార్చండి, దుమ్ము తీసేయండి, వంకర సరిచేయండి. నాణెం మీది గీతనో, చిలుమునో, అంచు దెబ్బనో చెరిపి అమ్మకానికి పెడితే మాత్రం అది మోసమే. కొన్నవారు గొడవకు వస్తే తాకని రా ఫైలు చూపగలిగినవారికి ధైర్యం ఉంటుంది. రా దిద్దే ఈ సాఫ్ట్‌వేర్లలో మార్పులు విడిగా నమోదవుతాయి, రా అలాగే ఉండిపోతుంది.

ఫోనుతోనే తీస్తాను. నాకు రా ఉపయోగమా?

ఆండ్రాయిడ్ 5.0 వచ్చిన 2014 నుంచి ఫోన్లకు రా తీసే వీలుంది, అయితే ఆ వీలు కల్పించిందా లేదా అన్నది ఆయా ఫోను మీద ఆధారపడి ఉంటుంది. ఫైలు పేరు చివర డీఎన్‌జీ అని ఉంటుంది. అడోబ్ 2004లో తెచ్చిన పద్ధతి అది. ఐఫోన్లలో 12 ప్రో నుంచి ప్రో రకాల్లో ప్రోరా అనే రా ఉంది. ఐఫోను మామూలుగా దాచే హెచ్ఈఐసీ మాత్రం రా కాదు, జేపెగ్ కంటే చిన్నగా కుదించేది.

ఫోను సంగతిలో ఒక మెలిక ఉంది. ఫోను తన మామూలు ఫొటోకు చాలా ఫ్రేములు కలిపి మచ్చలు తగ్గిస్తుంది. మామూలు డీఎన్‌జీలో తరచుగా ఒక్క ఫ్రేమే ఉంటుంది, అందుకే మొదటి చూపులో జేపెగ్ కంటే అధ్వానంగా కనిపిస్తుంది. దీపం బాగుండి ఫోను స్టాండు మీద కదలకుండా ఉంటేనే రా వల్ల లాభం. మ్యాక్రో మీట నొక్కి నాణెం మీదికి వంగకండి, ఫోను నీడ పడుతుంది, అంచులు సాగుతాయి. కాస్త దూరం జరిగి తీసి తర్వాత కత్తిరించుకోండి.

వాట్సాప్‌లో పంపితే టంకశాల గుర్తు కనిపించడం లేదంటున్నారు.

లెక్క వేద్దాం. 23 మిల్లీమీటర్ల ఐదు రూపాయల బిళ్ల మీ 6000 × 4000 బిందువుల ఫొటోలో 3,600 బిందువుల వెడల్పు ఆక్రమించిందనుకోండి. సంవత్సరం కింది గుర్తు అర మిల్లీమీటరు ఉంటే దానికి దాదాపు 78 బిందువులు దక్కాయి. పంపేటప్పుడు ఫొటో పొడవు 1,600 బిందువులకు కుదిస్తే ఆ గుర్తుకు మిగిలేవి సుమారు 20, అంటే జేపెగ్ గడులు రెండున్నర. హైదరాబాద్ నక్షత్రానికీ ముంబయి వజ్రానికీ తేడా అక్కడే కరిగిపోతుంది. చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా అని గుర్తుపట్టే చోట ఇంత నష్టం భరించలేం.

ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ఫైలు కుదించుకుపోదు. గుర్తును విడిగా కత్తిరించి రెండో ఫొటోగా పంపడం ఇంకా మేలు. పంపే జేపెగ్‌ను ఎక్కువ తెరలకు సరిపడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో, నాణ్యత 90 దగ్గర ఎగుమతి చేయండి. జేపెగ్‌ను తెరిచి, దిద్ది, మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ కొంత పోతుంది కాబట్టి మార్పులకు మళ్లీ రా దగ్గరికే వెళ్లండి.

డాక్యుమెంటుగా పంపినప్పుడు ఫొటో తీసిన చోటు వివరం కూడా ఫైలులో వెళ్లవచ్చు. ఇంట్లో వెండి నాణేలున్నాయని, ఇల్లు ఫలానా చోట అని ఒకే ఫైలులో ఊరికి చెప్పడమెందుకు? ఎగుమతి చేసేటప్పుడు లొకేషన్ తీసేయమనే గడిని ఎంచుకోండి.

స్కానర్ వాడకూడదా?

నోట్లకు బ్రహ్మాండం. నాణేలకు చదును వెలుగు కాబట్టి మెరుపు చచ్చిపోతుంది.

సముద్రపు గాలి కెమెరాను పాడుచేస్తుందా?

చేస్తుంది. ఇక్కడి తేమకు లెన్స్ లోపల బూజు పట్టడం మామూలే. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి, చిన్న తేమ కొలిచే మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బాల్కనీలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పేరుకుంటుంది. నాణెం మీదా పేరుకుంటుంది, రాగికి అది చిలుముకు పిలుపే. సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడ్డాక బయటికి తీయండి.

రా ఫైళ్లు ఎంత చోటు తింటాయి? ఎలా దాచాలి?

24 మెగాపిక్సెళ్ల కెమెరాలో కుదించని 14 బిట్ల రా సుమారు 42 మెగాబైట్లు. నష్టం లేకుండా కుదించే ఏర్పాటు కెమెరాలో ఉంటే చాలా తగ్గుతుంది, నిశ్చింతగా వాడండి. దాన్నే 16 బిట్ల టిఫ్ అనే బొమ్మ ఫైలుగా మారిస్తే 144 మెగాబైట్లు. అందుకే టిఫ్‌ను అనేక ఫొటోలు కలిపి పదును తెచ్చే పనికో, అచ్చుకో తప్ప వాడను.

ఒక కాపీ ఇంట్లో హార్డ్‌డిస్కులో, మరొకటి వేరే ఊళ్లోనో ఆన్‌లైన్‌లోనో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు నగరం చూసినది చూశాక, రెండు కాపీలూ ఒకే బీరువాలో పెట్టేవారికి చెప్పేదేముంది.

కొత్త కెమెరా రా ఫైలు నా పాత కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు.

సాఫ్ట్‌వేర్ కంటే కెమెరా కొత్తదైతే ఇలాగే అవుతుంది. డార్క్‌టేబుల్ తాజా రూపం వేసి చూడండి. పాత కంప్యూటర్ దాన్ని మోయలేకపోతే అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఫైళ్లను డీఎన్‌జీలోకి మార్చుకుంటే పాత సాఫ్ట్‌వేర్ కూడా చదువుతుంది. ఈలోగా కెమెరాను రా, జేపెగ్ రెండూ కలిపి తీసేలా పెట్టుకోండి. ఫైళ్లు తెరుచుకున్నాయని కళ్లారా చూసేవరకు మెమరీ కార్డును ఫార్మాట్ చేయకండి.